నెష్ అనిపించుకున్న పంతులమ్మ

ఇంగ్లండులో, డెర్బీషైర్ కొండల్లో, ఓ రాతి ఇళ్ళ వరసలో ఉండేవాళ్ళని ఏమైనా అనండి, పడతారు. పిసినారి అనండి, నవ్వుతారు. మొండిఘటం అనండి, మెచ్చుకున్నారనుకుని టీ ఇస్తారు. 'నెష్' అని మాత్రం అనకండి. చలికి ఓర్చుకోలేని మనిషని, కాస్త గాలి వీస్తే ముడుచుకుపోయే సుకుమారమని దాని అర్థం. ఆ మాట పడ్డవాళ్ళు శీతాకాలమంతా తల దించుకు తిరగాల్సిందే.

ఎవరు నెష్షో తేల్చడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. ఏటా నవంబరు ఐదున, దేశమంతా చేసుకునే మంటల పండక్కి, ఊరి బయట పొలంలో పెద్ద మంట వేసి టపాకాయలు కాలుస్తారు. ఆ మంట వెలిగేదాకా ఏ ఇంట్లోనూ చలి కాచుకునే బొగ్గుల పొయ్యి వెలగకూడదు. వంట గ్యాసు మీద చేసుకోవచ్చు. స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కోవచ్చు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని మూటలా కూర్చోవచ్చు. పొగగొట్టంలోంచి పొగ మాత్రం రాకూడదు. వచ్చిందా, పాలు పోసే మనిషి దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా అందరికీ పొద్దున్నే తెలిసిపోతుంది. ఇదేం చోద్యమమ్మా అని అడిగితే, మా నాన్న ఇలాగే చేశాడంటారు. ఆ నాన్న యాభై ఏళ్ళకే న్యుమోనియాతో పోయాడన్న సంగతి మనం గుర్తు చెయ్యకూడదు.

ఈ కథ జరిగిన ఏడాదికి, అంటే పంతొమ్మిది వందల డెబ్భై నాలుగుకి, వరసలో చాలామంది కరెంటు హీటర్లు పెట్టించుకుని పందెంలోంచి జారుకున్నారు. ఇద్దరే మిగిలారు. ఒకరు మేవిస్ ఫ్రాగట్, డెబ్భై ఒక్క ఏళ్ళ రిటైరైన పంతులమ్మ. రెండోవాడు పక్కింటి జాబెజ్ ఆల్సప్, సున్నపురాయి క్వారీలో నలభై ఏళ్ళు చేసి, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నవాడు. ఇద్దరిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు. అక్టోబరు వచ్చిందంటే చాలు, పొద్దున్నే లేచి ఒకరి పొగగొట్టం ఒకరు చూసుకోవడమే పని.

అక్టోబరు రెండో వారంలో ఇళ్ళకి తిరిగి రోగుల్ని చూసే నర్సు బెరిల్ వచ్చి మేవిస్ తలుపు తట్టింది. జాబెజ్ ఊపిరితిత్తుల నిండా క్వారీ దుమ్మేనని, ఈ చల్లటి ఇంట్లో ఇంకో మూడు వారాలుంటే మనిషి దక్కడని చెప్పింది. ఆ ముక్క అతని మొహం మీదే చెబితే, ఐదో తారీఖు తరవాత చూద్దాం అన్నాడట. మేవిస్ కి ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. ఆ దగ్గు ఆవిడకి కొత్త కాదు. గోడ అవతల్నుంచి వారం రోజులుగా వింటూనే ఉంది.

పంతులమ్మ కదా, ముందు పుస్తకాలతో మొదలుపెట్టింది. పట్నం లైబ్రరీకి వెళ్ళి, మనిషి మోయలేనంత నిఘంటువు తెరిచి, రెండు రోజులు కూర్చుని రాసుకొచ్చింది. మూడో రోజు పెరటి గోడ దగ్గర జాబెజ్ దొరికితే పాఠం చెప్పింది. వెయ్యేళ్ళ కిందట నెష్ అంటే మెత్తన, అంతే. పసిబిడ్డ అరికాలు నెష్, అప్పుడే తీసిన జున్ను నెష్, వానకి మొలిచిన గడ్డి నెష్. తరవాత జాలిగుండె ఉన్నవాళ్ళని అలా అన్నారు, అదీ మెచ్చుకోలే. ఆ పైన మెల్లిగా చెడింది. మెత్తన కాస్తా బలహీనమైంది, బలహీనం కాస్తా పిరికితనమైంది, చివరికి చలికి వణికేవాడి నెత్తిన పడింది. కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని ముగించింది.

జాబెజ్ ఓపిగ్గా విన్నాడు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు, అది దగ్గు కాదన్నట్టు ఆకాశంలోకి చూశాడు.

"వెయ్యేళ్ళ కిందటి వాళ్ళు నా పక్కింట్లో ఉన్నారా, పంతులమ్మా?"

"లేరు."

"ఇప్పుడున్నవాళ్ళు దాన్ని తిట్టుగానే వాడతారు. నువ్వూ అంతే. ఆ మాటని పొగుడుతున్నావంటే నీకు చలేస్తోందన్నమాట. వెళ్ళి పొయ్యి వెలిగించుకో, నేనేమీ అనుకోను."

ఆ మాట పట్టుకునే మేవిస్ రాత్రంతా ఆలోచించింది. మర్నాడు పొద్దున్న, అక్టోబరు పంతొమ్మిదిన, కాగితాలు ఉండలు చుట్టి, పుల్లలు పేర్చి, బొగ్గులు వేసి అగ్గిపుల్ల గీసింది. ముప్పై ఒక్క ఏళ్ళ పరువు అది. తను ఓడిపోతే అతనికి పందెం తీరిపోతుందని, మధ్యాహ్నానికల్లా అతనూ వెలిగించుకుంటాడని ఆవిడ లెక్క.

తొమ్మిదయ్యేసరికి వరసంతా రోడ్డు మీదే ఉంది. బేకరీలో అమ్మాయి కూడా రొట్టె చుట్టిస్తూ ఒంట్లో బావుందా అని అడిగింది. జాబెజ్ అయితే టోపీ పెట్టుకుని మరీ వచ్చి, వాకిట్లో నిలబడి పొగని తనివితీరా చూసి, పాపం వయసు మీద పడుతోంది కదా అని ఓదార్చి వెళ్ళాడు. మేవిస్ పళ్ళు నూరుకుంటూ నవ్వింది.

మధ్యాహ్నమైంది. అతని పొగగొట్టం మీద కాకి వాలింది. సాయంత్రమైంది, కాకి ఎగిరిపోయింది. పొగ లేదు. మర్నాడూ లేదు. మూడో రోజు బేకరీలోనే తెలిసింది, జాబెజ్ క్రిస్మస్ దాకా వెలిగించనని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడట. గెలిచినవాడికి కొమ్ములొస్తాయన్న సంగతి, నలభై ఏళ్ళు పిల్లలకి ఆటలాడించిన పంతులమ్మకి తట్టకపోవడం ఏమిటో!

ఆ రోజే వెళ్ళి అతని తలుపు బాదింది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి పొయ్యి దగ్గర కుర్చీ వెయ్యాలని, రోజూ నాలుగింటికి టీ కూడా ఇవ్వాలని, అది తన అమ్మమ్మ కాలం నుంచీ వస్తున్న పద్ధతని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. జాబెజ్ ఆ వరసలోనే పుట్టి డెబ్భై ఆరేళ్ళు పెరిగినవాడు.

"ఎప్పుడూ వినలేదే," అన్నాడు.

"ఎవరైనా ఓడిపోతే కదా వినడానికి."

"ఎన్నాళ్ళు వెయ్యాలిట?"

"చలి పోయి గడ్డి మొలిచేదాకా."

నాలుగింటికి వచ్చాడు. గెలిచిన మనిషి కదా, కోటు బొత్తాలు విప్పుకుని దర్జాగా కూర్చున్నాడు. టీ తాగాడు, ఓట్స్ రొట్టె మీద వెన్న చాలలేదని వంక పెట్టాడు. మేవిస్ ఇంకాస్త రాసిచ్చింది. వేడి తగిలేకొద్దీ అతని దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కాసేపటికి సద్దుమణిగింది. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు మామూలైంది. అప్పుడు కప్పు కింద పెట్టి, ఆవిడ వైపు చూడకుండా అడిగాడు.

"కావాలనే వెలిగించావు కదూ?"

"చలేసింది."

"ముప్పై ఏళ్ళలో నీకు ఎప్పుడూ చలెయ్యలేదు."

"ఈ ఏడు వేసింది, జాబెజ్. గోడ అవతల నువ్వు దగ్గుతుంటే, అది ఆగినప్పుడల్లా మళ్ళీ వినపడేదాకా ఒళ్ళంతా చల్లబడిపోయింది. చాలా?"

జాబెజ్ టోపీ అంచు ఓసారి తిప్పాడు. తరవాత దాన్ని పక్కన పెట్టి, ముందుకి వంగి, రెండు చేతులూ మంట మీదికి చాచాడు.

"ఇంకో ముక్క బొగ్గు వెయ్యవే, మేవిస్," అన్నాడు.