తెర మూలన రెండు చేతులు

“పుణ్యస్త్రీవి, గా బోడి చేతులతోని టీవీల కనపడుడేందే? నల్ల డ్రెస్సు సుతనాయె. చూసెటోళ్ళు ఏమనుకుంటరు?”

అత్త కాంతవ్వ ఈ మాట అనని రోజంటూ ఉషకు గుర్తు లేదు. గుమ్మంలో చెప్పులు వేసుకునేటప్పుడు మొదలుపెట్టి, మెట్లు దిగేదాకా అంటూనే ఉంటుంది. ఉషది పంజాగుట్టలో ఒక వార్తా చానల్లో సైగల భాష ఉద్యోగం. తెర కింది మూలన చిన్న పెట్టెలో నిలబడి, చదివే వార్తను వినికిడి లేనివాళ్ళకు చేతులతో చెప్పాలి. చూపు చేతుల మీద నిలవాలి గనుక ముదురు రంగు బట్టలే వేసుకోవాలి, గాజులు ఉండకూడదు. ఇదంతా పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. విన్నదెవరు? అందుకని రోజూ ఇంటి దగ్గర గాజులతో బయలుదేరి, ఆఫీసులో వాటిని టిఫిన్ డబ్బా పై గిన్నెలో దాచి, తిరిగొచ్చేటప్పుడు అమీర్‌పేట మెట్రో మెట్ల మీద మళ్ళీ ఎక్కించుకుంటుంది.

భర్త శ్రవణ్ మైత్రీవనం కోచింగ్ సెంటర్లో కమ్యూనికేషన్ స్కిల్స్ చెబుతాడు. ఎదుటివాళ్ళ మాట ఎట్లా వినాలో బ్యాచి తర్వాత బ్యాచికి నేర్పుతున్న మహానుభావుడు, ఇంట్లో ఫోన్లోంచి తల ఎత్తడు. భుజాలు లాగేస్తుంటే ఆమె ఒక్క క్షణం కుర్చీలో కూలబడితే, “చేతులు ఊపుడే గదా, గంత అలిసిపోయే పనేమున్నది?” అంటాడు. ఆ చేతులతోనే ఆమె మళ్ళీ చపాతీ పిండి కలపాలి. ఎదురు చెబితే, “నీకు చెప్పుడు చెవిటోని ముందు శంఖం ఊదుడే” అని ముగిస్తాడు. వినబడనివాళ్ళ మధ్యే పెరిగింది ఉష. విననివాళ్ళను మాత్రం ఈ ఇంటికి వచ్చాకే చూసింది.

ఆ చేతులు ఆమెకు అక్క ఉదయలక్ష్మి ఇచ్చినవి. అక్కకు పుట్టుకతోనే చెవుడు. నోటి మాటలకన్నా ముందే చెల్లెలికి చేతి మాటలు వచ్చాయి. ఉషకు గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. అక్క తన గడ్డం మీద వేలు ఆనించిందంటే ‘ఉషా’ అని పిలిచినట్టు. లోకంలో ఉషకు అంత ఇష్టమైన పిలుపు ఇంకోటి లేదు. పెళ్ళినాడు మాత్రం, “మండపంల మీ అక్కతోని సైగలు చెయ్యకు, మందిల నగుబాటు” అని అత్తవారు ముందే చెప్పి పెట్టారు. జనం మధ్య నుంచి అక్క ఆ పేరుతో పిలిచి, ‘సంతోషంగా ఉన్నావా?’ అని అడిగితే, పెళ్ళికూతురు చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది.

అక్క, బావ హనుమాండ్లు మురుగునీటి నాలా పక్క బస్తీలో ఉండేవారు. ఆయనకూ వినబడదు. ఆయన బట్టలు ఇస్త్రీ చేసేవాడు, అక్క జాకెట్లు కుట్టేది. సాయంత్రం కాగానే ఇద్దరూ ఫోన్లో ఉష వార్తలు పెట్టుకుని కూర్చునేవారు. అక్షరాలు అంతగా రాని వాళ్ళకు లోకం ఆ మూల పెట్టెలోంచే వచ్చేది.

కిందటి వారం కుండపోత కురిసిన సాయంత్రం ఉష స్టూడియోలోనే ఉంది. ఫోను బయట లాకర్లో పెట్టాలని అక్కడ నియమం. నాలా పొంగుతోందని, పక్క బస్తీలవాళ్ళు వెంటనే ఇళ్ళు ఖాళీ చేయాలని ఒక అధికారి లైవ్‌లో చెప్పాడు. ఉష ఒంట్లో ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఆ మాటను మళ్ళీ మళ్ళీ చెప్పింది. అక్క చూసే ఉంటుందనుకుంది. ఇప్పటికి బయటపడే ఉంటారనుకుని ఊపిరి పీల్చుకుంది.

అక్క చూడలేదు. హెచ్చరిక నడిచినంతసేపూ ఆ పెట్టె మీద ఒక నగల దుకాణం పండుగ ఆఫరు మెరుస్తూ ఉంది. ఇరుగుపొరుగువాళ్ళు తలుపు బాదారు. బయట బటన్ నొక్కితే లోపల బల్బు వెలిగేట్టు బావ అమర్చుకున్నాడు, కానీ కరెంటు పోయింది. తలుపు తీయకపోతే ముందే వెళ్ళిపోయారనుకుని వాళ్ళ దారి వాళ్ళు చూసుకున్నారు. నీళ్ళు గదిలోకి వచ్చాక బావ అక్కను సజ్జ మీదికి ఎక్కించి, దారి చూద్దామని తలుపు తెరిచాడు. వరద ఆయన్ను లాక్కుపోయింది.

శవం దగ్గర అక్క ఒక్కటే అడిగింది. ‘ఎందుకు చెప్పలేదు?’ ఉష చేతులు ఎత్తేలోగా అక్క కళ్ళు మూసుకుంది. వినదలచుకోనప్పుడు మనం చెవులు మూసుకుంటాం. అక్కకు కళ్ళే చెవులు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా, ఎదురుగా కూర్చోగానే ఆ రెప్పలు వాలిపోయేవి. వీడియోలు పంపితే తెరవలేదు. గడ్డం మీదికి ఆ వేలు మళ్ళీ రాలేదు. బావ పోయిన దుఃఖం ఒకటైతే, అక్క తనను పేరు పెట్టి పిలవకపోవడం ఉషను లోలోపల కోసేసింది.

చానల్లో ప్రొడ్యూసర్ ప్రమోద్‌ను నిలదీసింది. “వానప్పుడే కదండీ జనం చూసేది, యాడ్ ఎక్కడో అక్కడ వేయాలి. ఆ బాక్స్ ఎవరు చూస్తారు చెప్పండి? బయట మాత్రం అనకండి, మీకే మంచిది” అన్నాడు. ఇంట్లో చెబితే శ్రవణ్, “నౌకరీ పోతే ఈఎంఐ ఎవ్వరు కడ్తరు? అయ్యిందేదో అయ్యింది, ఊకో” అన్నాడు. చేతులు ఊపే పనికి విలువ లేదు గానీ జీతానికి ఉంది కాబోలు.

ఈ రోజు వరద మృతులకు నివాళి కార్యక్రమం. ప్రమోద్ ఎదురొచ్చాడు. “ఈ రోజు మీ బాక్స్ సగం స్క్రీన్ చేస్తున్నామండి. చనిపోయినాయన మీ వాళ్ళే కదా, వినబడనివాళ్ళ మీద మనకు శ్రద్ధ ఉందని కనబడాలి. మంచి రంగు చీర కట్టుకోండి, కాసిని గాజులు వేసుకోండి, కళగా ఉంటుంది.”

“ఇదే బట్టలు, ప్రమోద్ గారూ” అంది ఉష. గాజులు తీసి డబ్బాలో పెట్టి, లైట్ల కిందికి వెళ్ళి నిలబడింది.

నివాళి చెప్పడానికి వచ్చిన నాయకుడు గొంతు సవరించుకున్నాడు. కాసేపు సానుభూతి పలికాడు, ఉష పలికింది. తర్వాత ఆయన అన్నాడు. “ప్రతి ఒక్కరికీ సకాలంలో హెచ్చరిక అందించాం.”

ఆ మాట కోసం ఎత్తిన చేతులు గాలిలోనే ఆగాయి. ఈ అబద్ధాన్ని అక్కకు నేనే చెప్పాలా, నా చేతులతో? మండపంలో ముడుచుకున్న చేతులు చాలవా? చేతులు మళ్ళీ కదిలాయి.

‘ఈయన చెప్పేది వదిలేయండి, నన్ను చూడండి. ఆ రోజు ఖాళీ చేయమని నేను చెప్పాను. నా మీద నగల ప్రకటన వేశారు. మీకు చేరలేదు. హనుమాండ్లుకు చేరలేదు. బయట చెప్పొద్దన్నారు. అక్కా, నేను చెప్పాను.’ నాయకుడి ప్రసంగం అయ్యేదాకా ఇదే మళ్ళీ మళ్ళీ చెప్పింది. స్టూడియోలో అందరూ చూస్తూనే ఉన్నారు, ఒక్కరూ ఆపలేదు.

బయటికి రాగానే ప్రమోద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. “ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఏడిపించేశారండీ ఉష గారూ. మళ్ళీ రిపీట్ వేస్తాం.”

“వేయండి” అంది ఉష.

రేపో ఎల్లుండో ఎవరో ఒకరు అర్థం చెబుతారు. ఉద్యోగం పోతుంది, ఇంట్లో రచ్చ అవుతుంది. అన్నీ తెలిసే చేసింది. ఫోను తీస్తే శ్రవణ్ మెసేజ్ ఉంది. ‘మంచిగ చేసినవ్. అమ్మ గాజుల గురించే గునుస్తున్నది.’ అమీర్‌పేటలో దిగి, మెట్రో మెట్ల మీద అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి, గాజుల్ని చూసి, మళ్ళీ మూత పెట్టేసింది.

అప్పుడే ఫోన్లోకి అక్క పంపిన వీడియో వచ్చింది. వాచిపోయిన కళ్ళు. తెరిచే ఉన్నాయి. అక్క మెల్లగా చెయ్యెత్తి, తన గడ్డం మీద వేలు ఆనించింది.