కొసరు వాక్యం

మంచాలతో సహా లారీలెక్కారు, అంటున్నాడు ఫోనులోంచి చెవిలో పుస్తకం చదివే మనిషి, ఎవరెక్కారు, ఎందుకెక్కారు, నిన్న సాయంత్రం సరుకు మీద పట్టా కప్పేటప్పుడు తను ఆపింది రొట్టె ధర దగ్గర కదా, పొద్దున ఒక ధర, మధ్యాహ్నానికి ఒక ధర, జీతం చేతిలో పడగానే జనం బజారుకి పరుగెత్తేవాళ్లు అన్న మాట దగ్గర, అక్కణ్ణుంచి ఒక్క రాత్రిలో లారీలెలా వచ్చాయి, మధ్యలో సరుకంతా ఏమైంది, మూతి కట్టిన బస్తాలోంచి ఎవరో దోసిళ్లతో తోడేసినట్టుంది, అనుకుంటూనే ఉంది ఎమెతేరియా, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నల్ల చూన్యో ఒక గుట్ట, తెల్లది ఒక గుట్ట, కొండల మీద జూన్ నెల చలికాలపు మంచుకి గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టిన దుంప, గులకరాయిలా తేలిగ్గా ఉంటుంది, పదేళ్లయినా పాడవదు, మనుషుల పంతాల్లాగే, పైన గట్టివి పేర్చి అడుగున నలిగినవి దాచే అలవాటు ఎదురు వరసలో వాళ్లకుంది గాని ఈమెకి లేదు, కొచబాంబాలో కంచా సంతకి వచ్చి ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు, తడిమి చూసుకో కసేరా, అడుగు దాకా చెయ్యిపెట్టి చూసుకో, అంటుంది ఎవరొచ్చినా, ఈ సంతలో కొనేవాళ్లూ కసేరాలే, అమ్మేవాళ్లూ కసేరాలే, ఒకరికొకరు కట్టుబడ్డ బేరగాళ్లు.

ఏమంటున్నాడే ఇవాళ నీ చెవిలో మొగుడు, అంది పక్క కొట్టు ఫోర్తునాతా ఎండుమిరప గుట్టల వెనకనుంచి, రోజూ అడిగే మాటే, లారీలంటున్నాడు, లారీలా, నిన్న రొట్టెలన్నాడుగా, మాట మీద నిలబడని మగాణ్ణి నమ్మకే పిల్లా, నమ్మక ఏం చెయ్యను, అసలు మొగుడు బతికున్నన్నాళ్లూ ఒక్క కొత్త సంగతి చెప్పలేదు, ఈయన రోజుకో సంగతి చెబుతాడు, పైగా అన్నం పెట్టమనడు, అంది ఎమెతేరియా, ఫోర్తునాతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఒక బేరం వచ్చింది, ఎడమ చెవి పుస్తకానికి, కుడి చెవి వ్యాపారానికి, అదీ పంపకం, కసేరా ఒక అర్రోబా తూచివ్వు, పోయినవారం ధరకే వెయ్యి, పోయినవారం ధర పోయినవారమే కొనుక్కుని ఉండాల్సింది తల్లీ, ఈ వారం కొండమీద మంచే సరిగా పడలేదు, ఏం కసేరా, మంచు కూడా నీ చేతిలోనే ఉన్నట్టు మాట్లాడతావు, నా చేతిలో ఉంటే నీకు ఊరికే కురిపించనూ, తూకం పడింది, ముల్లు సరిగ్గా నిలబడింది, అప్పుడు చూడకుండానే ఒక గుప్పెడు తీసి పైన వేసింది, ఆ గుప్పెడు లేకపోతే బేరం తెగినట్టు కాదు, అది కొసరు, తూకం అందరూ ఇస్తారే చెల్లీ, కొసరేసిన చేతినే మనిషి గుర్తు పెట్టుకుంటాడు, అని చెప్పినవాడు అన్న సతుర్నీనో, తను పనిచేసే గని గేటు దగ్గర ఆమె మొదటి బస్తా విప్పిన రోజున, ఆయన పేరు తలచుకోకూడదనుకుంటూనే తలపుకొచ్చింది, మిరప ఘాటుకి తుమ్మొచ్చినట్టు.

ఈ చెవిలో మనిషి కూడా కొసరు తెలిసినవాడే, కాకపోతే వేళ చూసి ఇస్తాడు, పగలు బేరం వచ్చి ఆపితే ఆపినచోటే, మాట సగంలోంచే గొంతు లేస్తుంది, పొద్దున్నే మొదటిసారి నొక్కినప్పుడు మాత్రం నిన్నటి ఆఖరి వాక్యాన్ని మొదటినుంచీ ఇంకోసారి చెప్పి అప్పుడు ముందుకి కదులుతాడు, బోణీ మర్యాద, దీన్ని తయారుచేసినవాడెవడో బజారు తెలిసినవాడు అని ఏడాదిగా మెచ్చుకుంటోంది ఆ యంత్రాన్ని, అది ఫోనులోకి వచ్చింది అన్న కూతురు యోవానా చలవ వల్ల, అత్తా, చదవడానికి కళ్లు లేవంటావు, వినడానికి చెవులున్నాయిగా అని, ఓరూరో నుంచి వచ్చినప్పుడు పుస్తకాల పెట్టె ఒకటి ఈ ఫోనులోనూ వాళ్ల నాన్న ఫోనులోనూ పెట్టింది, ఒక్కటే ఖాతా, ఒక చందా రెండు చెవులు, మనిషికొకటి ఎందుకే, ఒక పొయ్యి మీద ఇద్దరికి వండుకోమా, అని అంతా కలిసి తెలివిగా చేసిన ఏర్పాటు, వారం తిరక్కుండానే దాని గుట్టు తెలిసింది, ఆపినచోటు చూపే గుర్తు ఇద్దరికీ ఒక్కటే, ఆయన వింటే ఈమె ఆపినచోటు జరిగిపోతుంది, ఈమె వింటే ఆయనది, ఒసేయ్ దొంగమొహమా, నా పేజీ ఎత్తుకుపోయావు, అంటూ సాయంత్రం ఫోను, నువ్వే ఎత్తుకుపోయావన్నయ్యా, నేను వెండి దగ్గరుంటే నన్ను తీసుకెళ్లి కంచరగాడిదల దగ్గర దింపావు, ఏం వెండే, మన తాతలు తవ్విందేగా, తవ్వింది తాతలు, తిన్నది ఎవరో ఈయన ఇంకా చెప్పలేదు, ఆగు రేపు చెబుతాడు, అలా గంటసేపు, మొదటి పుస్తకం చరిత్ర, వెండి కొండ కథ, అంతా దెబ్బలాటలతోనే అయింది, ఇద్దరూ బళ్లో ఉన్నట్టే ఉండేది, చిన్నప్పుడు లేని బడి.

రెండో పుస్తకం మొదలుపెట్టకపోతే బాగుండేది, మతాల పుస్తకం, ఉర్కుపీన్యా మాత ఉత్సవానికి ఆ ఏడు ఎమెతేరియాయే పెద్ద, నాట్యబృందానికంతా ఆమె ఇంటే భోజనం, పంది వేపుడు, ఉడికిన మొక్కజొన్న, కుండలకి కుండలు చిచా కల్లు, అన్న వచ్చాడు, రాడనుకుంది, పాడైన ఊపిరితిత్తులతో గని వదిలాక ఆయన వేరే ప్రార్థన మందిరం పట్టాడు, బొమ్మలకి మొక్కడు, అయినా చెల్లెలి కోసం బల్ల దగ్గర కూచున్నాడు, ఊరుకుంటే పోయేది, ఎవరో రెచ్చగొట్టారు, ఏం సతుర్నీనో, మాతకి దణ్ణం పెట్టవా, అంటే, దణ్ణమెందుకు, మా పుస్తకంలో ఆయనే చెప్పాడుగా, పాత కొండకే పావడా కట్టి మాత అన్నారని, మా చెల్లి కూడా విన్నది, అడగండి, అన్నాడు, పది బల్లల వాళ్లూ ఆమె వైపే తిరిగారు, విన్నది నిజమే, విని ఆమె మురిసిపోయింది కూడా, కొండా అమ్మే, మాతా అమ్మే, ఇద్దరూ ఒక్కరైతే ఇంకా మంచిదే కదా అనుకుంది, ఆ మాటే అక్కడ చెప్పి నవ్వేస్తే సరిపోయేది, నోట్లోంచి వచ్చింది మాత్రం, లే అన్నయ్యా, నా బల్ల మీంచి లే, అని, ఆయన లేచాడు, టోపీ పెట్టుకున్నాడు, పళ్లెంలో అన్నం ఎక్కడిదక్కడే ఉంది, ముద్ద ముట్టలేదు, వాకిట్లో రెండుసార్లు ఆగి దగ్గాడు, వెళ్లాడు.

అప్పట్నుంచీ ఏడాదిగా గుర్తు జరగలేదు, అదే ఎక్కువ నొప్పి, ఎప్పుడు తెరిచినా, పొద్దుటి ఆ బోణీ వాక్యం తప్పిస్తే, ఎక్కడ ఆపిందో అక్కడే, గుడ్డ కప్పిన తక్కెడలాగా కదలకుండా, అంటే వినడం మానేశాడు, మూడో పుస్తకం, డబ్బు చరిత్ర, ఈమె ఒక్కతే మొదలుపెట్టింది, ఎత్తుకుపోయేవాడు లేని పేజీ ఎవడిక్కావాలి, పోయినవారం యోవానా ఫోను చేసి, అత్తా, నాన్నకి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చిపెట్టాం, అంది, నన్ను రమ్మన్నాడా, రమ్మనలేదు, రావద్దనీ అనలేదు, మరి రోజంతా ఏం చేస్తాడు, ఏముంది అత్తా, తెల్లారేసరికి లేచి కూచుంటాడు, కళ్లజోడు పెట్టుకుని ఫోను మీద వేలుతో ఏదో అటూ ఇటూ జరుపుతుంటాడు, ఏంటి నాన్నా అంటే తక్కెడ సరిచేస్తున్నా అంటాడు, ఆ సిలిండర్ తక్కెడ కాబోలు, అని నవ్వింది పిల్ల, ఈమె నవ్వలేదు, వెళ్లాలని ఉంది, బస్సు నాలుగు గంటలే, కానీ నలభై ఏళ్ల బజారు ఒకటే నేర్పింది, ముందు ధర చెప్పినవాడు ఓడినట్టే, కొనేవాడైనా అమ్మేవాడైనా నోరు మూసుకుని ఎదుటివాడి కళ్లు చూస్తూ కూచోవాలి, ఆయనా అదే బజారు మనిషి, ఆయనా అలాగే కూచున్నాడు, ఈలోపు దగ్గు ఎవరి కోసమూ ఆగదు.

మంచాలతో సహా లారీలెక్కారు, అంటే గనుల వాళ్ల సంగతా చెబుతున్నాడు, అవును, గనులు మూసినప్పటి మాట, నోట్లు లెక్కపెట్టే ఓపిక లేక కట్టలు తక్కెడలో వేసి తూచిన ఏడు దాటిపోయి, తగరం ధర పడిపోయి, వేలమందిని ఇళ్లకి పొమ్మన్న సంగతి, చెవిలో మనిషికి అది పుస్తకంలో పాఠం, ఈమెకి కళ్లముందు వాకిలి, ఒక రోజు పొద్దున లారీ దిగి మంచం నెత్తిన పెట్టుకుని వచ్చాడు అన్న, ఇనప మంచం, కాళ్లు పైకి, గొర్రెని మోసుకొచ్చినట్టు, ఏంటన్నయ్యా ఇది, ఏముందే, ప్రభుత్వం గని ఉంచుకుంది, నేను మంచం ఉంచుకున్నా, సమంగానే పంచుకున్నాం, అని ఆ గుమ్మంలో నవ్వు, దుమ్ము కొట్టుకున్న పళ్లు, ఆ మంచం మీద ఈమెని పడుకోమని తను బస్తాల మీద పడుకున్నాడు పని దొరికేదాకా, చెవిలో మనిషి ఇదేమీ చెప్పడు, అంకెలు చెబుతాడు, ఆ గొంతుకి మంచం బరువు తెలియదు, తెలిసిన మనిషి ఒకడున్నాడు ఓరూరోలో, ఈ ముక్క విని ఉంటే, సాయంత్రం ఫోను చేసి ఉంటే, ఒసేయ్ మన మంచం పుస్తకంలోకెక్కిందే అని ఉంటే.

ఆగు, ఇవాళ బోణీ వాక్యం రాలేదు, అప్పుడు తట్టింది ఆమెకి, చేతిలో దుంప చేతిలోనే ఉండిపోయింది, పొద్దున నొక్కగానే గొంతు సగంలోంచి లేచింది, మంచాలతో సహా అంటూ, మొదలు లేదు, ఏడాదిలో ఒక్క పొద్దునా అలా కాలేదు, పగలు తను ఆపితేనే అలా తెగుతుంది, అంటే యంత్రానికి మర్యాద ఎప్పుడూ లేదు, పగలు లేనిది పొద్దున ఎక్కణ్ణుంచి వస్తుంది, యంత్రానికి పగలేంటి పొద్దునేంటి, మరి ఏడాదిగా రోజూ ఆ వాక్యం ఎవరు వేశారు, పైగా ఇవాళ గుర్తు జరిగింది, రొట్టెల దగ్గర్నుంచి లారీల దాకా, ఎవరో విన్నారు, విని వెనక్కి పెట్టలేదు, పెట్టలేదు అంటే రోజూ పెట్టేవారన్నమాట, తూకంలో తేడా ఎక్కడుందో ముల్లు కదలకముందే వేలికి తెలిసే మనిషి ఆమె, ఇంత దొంగ తూకం ఏడాది పాటు ముక్కు కింద జరిగితే తెలుసుకోలేకపోయింది, తెల్లారేసరికి కళ్లజోడు, వేలుతో అటూ ఇటూ, తక్కెడ సరిచేస్తున్నా, ఓరి అన్నయ్యా.

ఫోను కలిపింది, చేతులు దుమ్ము, రెండుసార్లు తప్పు నొక్కింది, యోవానా, మీ నాన్నకేమైంది, అత్తా, నీకెలా తెలిసింది, నేనింకా ఎవరికీ చెప్పలేదే, ఏమైందో చెప్పవే ముందు, తెల్లవారుజామున ఆయాసం వచ్చింది, చెవిలో ఆ బొత్తాం పెట్టుకునే ఒరిగిపోయాడు, ఫోను కిందపడి ఆగిపోయింది, డాక్టరొచ్చి సిలిండర్ మార్చి మందిచ్చాడు, ఇప్పుడు ఊపిరి బాగానే తీస్తున్నాడు, పడుకున్నాడు, కంగారుపడకు, కానీ అత్తా, మెలకువ రాగానే ఫోను ఇవ్వమని ఒకటే గోల, ఒకరి వస్తువు ఎక్కడ తీశానో అక్కడ పెట్టాలి అంటాడు, నాకేమీ అర్థం కాలేదు, నాకర్థమైందిలే, అంది ఎమెతేరియా, ఫోను ఆయనకివ్వకు, పెట్టక్కర్లేదని చెప్పు.

జూన్ నెల పొద్దులు గుర్తొచ్చాయి, కొండమీద రాత్రంతా మంచు కింద పరిచిన దుంపలు, తొక్కడానికి ఇద్దరూ ఉత్త కాళ్లతో, తను ఆరేళ్లది, అడుగు వేయడానికి ఏడుపు, అన్న ముందు తను ఒక వరస తొక్కుకుంటూ పోయి, ఎక్కడ పదునుగా ఉందో ఎక్కడ మెత్తబడిందో చూసి, మళ్లీ వెనక్కి వచ్చి, ఈమె నిలబడ్డ చోటికే వచ్చి, చెయ్యి పట్టుకుని, రా, ఏం లేదు, చల్లగా ఉంటుంది అంతే, అనేవాడు, ఏడాదిగా చేసిందీ అదే కదా, ఈమె పగలు వినబోయేది తెల్లారకముందే విని, వెనక్కి నడిచొచ్చి, ఈమె ఆపినచోట నిలబడి, ఒక వాక్యం కొసరేసి వెళ్లాడు, మాటల్లేకుండా, పేరు లేకుండా, ముందు ధర ఎవరు చెబుతారా అని తనిక్కడ నోరు బిగించుకు కూచుంటే ఆయన రోజూ పొద్దున్నే చెబుతూనే ఉన్నాడు, ఇంతకన్నా తక్కువకి ఏ అన్నా తనని తాను అమ్ముకోడు, వినపడనిది తనకే, రెండు చెవులూ పెట్టుకుని.

ఏమే, ఎందుకేడుస్తున్నావు, నీ చెవిలో మొగుడు పోయాడా ఏంటి, అంది ఫోర్తునాతా, నీ మిరపకాయల ఘాటే, కొట్టు చూసుకో, రెండు మూడు రోజులు రాను, ఎక్కడికి, ఓరూరో, అన్నతో తగువుందన్నావుగా, ఉంది, దాన్ని కూడా పట్టుకెళుతున్నా, బస్సులో పొద్దుపోవద్దూ, ఒక సంచిలో నల్లది, గట్టివి ఏరి నింపింది, జున్నుతో ఉడికిస్తే ఆయనకిష్టం, ఆ రోజు పళ్లెంలో వదిలేసిన ముద్ద ఇంకా బాకీ ఉంది, నింపాక అలవాటుగా ఒక గుప్పెడు పైన వేసింది, వేసి, ఫోను తీసుకుంది, ముందు దీని సంగతి చూడాలి, వెనక్కి తిరిగే బాణం నొక్కింది, రొట్టెల దగ్గరికి కాదు, తను ఆపినచోటికి కాదు, ఆయాసంతో ఆయన ఆగినచోటికి, ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం, మాట మొదలు దొరికేదాకా, దొరికింది, చెవిలో మనిషి నింపాదిగా అన్నాడు, గనులు మూతబడ్డాక ఏ ఊరు పోవాలో తెలియని ఆ వేలమంది, పిల్లలతో, కోళ్లతో, మంచాలతో సహా లారీలెక్కారు, మళ్లీ ఆ వాక్యం మొదటికే తీసుకొచ్చి, అక్కడ ఆపి, ఎమెతేరియా సంచి భుజానికెత్తుకుంది, అన్న అక్కణ్ణుంచి మొదలుపెడతాడు, ఈసారి ఆయన చెవిలో ఒక బొత్తాం, తన చెవిలో ఒకటి.