మూడేళ్ల నాటి గడ్డిమోపు

పొద్దున్నే కెటిల్ పొయ్యి మీద పెట్టి, అది ఈల వేసేలోగా కోళ్లగూడు ఊడ్చి రావడం అట్రాక్టాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆరు కోళ్లున్నాయి. గుడ్లు గేటు దగ్గర పెట్టెలో పెడుతుంది. కావలసినవాళ్లు తీసుకుని పక్కనున్న రేకు డబ్బాలో నాణేలు వేసి పోతారు. ఆ డబ్బా ఆమెను ఏనాడూ మోసం చెయ్యలేదు. ఈ ఏడాది మోసం చేసింది గడ్డి.

వానలెక్కువైన ఈ పడమటి సముద్రపుటొడ్డు, మాయో తీరంలో బార్లీ పండదు. కోళ్ల కింద పరిచే బార్లీ గడ్డి తూర్పు జిల్లాల నుంచి లారీలో రావాలి. నిరుడు నాలుగు యూరోలున్న మోపు ఇప్పుడు పదకొండు. అదీ మబ్బు రోజున కట్టినదైతే. ఎండ రోజున కట్టినది పధ్నాలుగు. మోపు తాడు కోస్తే, దాన్ని కట్టిన నాటి పగలంతా, తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా, అరగంటలో పెరట్లో విచ్చుకుని మాయమవుతుంది కదా, అందుకు. నాలుగింటికే చీకటి పడే శీతాకాలంలో కోడి గుడ్డు పెట్టాలంటే ఆ వెలుతురు కావాల్సిందే.

"కోల్మన్, నువ్వమ్మేది గడ్డా, బంగారమా?" అంది అట్రాక్టా, లారీ గేటు దగ్గర ఆగగానే.

"నేనేం చేసేది తల్లీ? తూర్పున అన్నీ వానలే. మొన్న ఒక మోపు విప్పితే మా ఆవిడ గొడుగు తెచ్చుకుంది."

"పోయిన వారమే చెప్పాగా, గురువారం సంతలో కోళ్లని అమ్మేస్తానని."

తేలిగ్గానే అందామనుకుంది గానీ చూపు కోళ్లగూటి మీదికి పోయింది. అవి వాళ్ల అమ్మ పెంచిన కోళ్ల సంతతి. మూడేళ్ల కిందట జూన్‌లో గూడు తలుపు తెరిచి ఉండిపోతే, నక్క ఒక్క రాత్రిలో పద్దెనిమిదింటిని చంపేసింది. మిగిలిన ఒక్క ఎర్రకోడి పిల్లలే ఇవి. ఆ సాయంత్రం తలుపు వెయ్యాల్సిన వంతు చెల్లెలు డింప్నాది. "వేశాను అక్కా," అని డింప్నా ఎంత చెప్పినా అట్రాక్టా వినలేదు. పక్కపక్క ఇళ్లు, మధ్యన రాతిగోడ. మూడేళ్లుగా మాటల్లేవు.

కోల్మన్ టోపీ సర్దుకుని, గోడ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. "ఎండుపచ్చిక మోపొకటుంది. పాతది. మూడు యూరోలిచ్చి తీసుకో."

"పచ్చికా? బూజుకి కోళ్లు దగ్గి చస్తాయి."

"వాసన చూసి మాట్లాడు."

చూసింది. బూజు లేదు సరికదా, చుక్క చెమ్మ కూడా తగలకుండా ఎవరో చంటిబిడ్డలా దాచారు. ఎవరిదని అడిగేలోగా కోల్మన్ బండి తీసేశాడు.

నాలుగున్నరకి, జల్లు పడుతుండగా, అట్రాక్టా కోళ్లగూట్లో తాడు కోసి, పచ్చిక పరిచి బయటికి వచ్చింది.

తెల్లవారింది. తూర్పు జిల్లాల ఎండ కాదది, సముద్రం మీంచి లేచే సొంత ఊరి ఎండ. పెరడంతా పచ్చిక వాసన కమ్ముకుంది. ఇప్పుడెక్కడా వినపడని గడ్డిపిట్ట కూసింది. అట్రాక్టా చుట్టూ చూసింది. అది వాళ్ల పచ్చికబయలే. అదిగో తను, అదిగో డింప్నా, చేతుల్లో పచ్చిక పోగుచేసే పళ్లకర్రలు, టీలో పాలు ముందా నీళ్లు ముందా అని వాదించుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. తామిద్దరూ అంతగా నవ్వేవాళ్లని ఆమెకు గుర్తే లేదు.

సాయంత్రమైంది. డింప్నా కోళ్లను లెక్కపెట్టి లోపలికి తోలి, గడియ పెట్టి, రెండుసార్లు లాగి చూసింది. కాసేపటికి ఆనాటి అట్రాక్టా వచ్చింది. రొట్టెకి ఒక గుడ్డు తక్కువైనట్టుంది, తలుపు తీసి అందుకుంది. అప్పుడే చినుకు పడింది.

"అక్కా, వాన! మోపులు తడిసిపోతాయి, రా!"

గుడ్డు ఏప్రన్ జేబులో వేసుకుని ఆమె పరిగెత్తింది. తలుపు గాలికి ఊగుతూ ఉండిపోయింది.

"ముయ్యవే! మూసి పోవే!" అని అరిచింది అట్రాక్టా. ఎప్పుడో గడిచిపోయిన రోజు, ఆమె అరుపు దానికి వినపడలేదు. మెల్లగా చీకటి పడింది. జల్లు మళ్లీ మొదలైంది.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. అంతలో అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి తట్టింది. ఆ ఏడాది పచ్చిక మోపులన్నీ ఆవు మేతకని డింప్నా కొట్టానికే చేరాయి. అంటే డింప్నా ఆ రోజుని ఎప్పుడో చూసేసింది.

గోడ చుట్టూ తిరిగి వెళ్లి తలుపు తట్టింది.

"నీకు తెలుసు," అంది.

డింప్నా తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. "ఆ ఏడాది క్రిస్మస్ ముందు మొదటి మోపు విప్పినప్పుడే చూశా."

"చెప్పలేదేమే?"

"నీ కోపం నాకు అలవాటేగా, అక్కా. భరించా. అమ్మ కోళ్లని చంపింది నువ్వేనని తెలిస్తే నువ్వు భరించలేవనిపించింది. అందుకే మిగతావి విప్పలేదు, ఎవరికీ అమ్మలేదు."

"మరి ఇప్పుడెందుకు పంపావు?"

"కోళ్లు సంతకి పోతున్నాయని కోల్మన్ ఫోన్ చేశాడు. పోనిస్తానా?" డింప్నా కళ్లు తుడుచుకుంది. "ఇంకా పదకొండున్నాయి. వారానికొకటి విప్పితే చలికాలం గడిచిపోతుంది."

అట్రాక్టా చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఇద్దరూ టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. కొత్తగా పరిచిన పచ్చికలో మూడు గుడ్లు వెచ్చగా ఉన్నాయి. అట్రాక్టా వాటిని తీసి, గూడు తలుపు మూసి, గడియ పెట్టింది.

"నువ్వోసారి చూడవే," అంది.

డింప్నా రెండుసార్లు లాగి చూసింది.