ఆర్విల్ కుడి తుంటి

పొద్దుటి నుంచి పదమూడు మంది విద్యార్థులు కిందికి దిగి ఉందని రాసిన కుడి తుంటి ఎముక, లియోటా చేతులకు పావు అంగుళం పైకి తగిలింది.

ఎముకల్నీ కీళ్లనూ చేత్తో తడిమి సరిచేసే వైద్యం నేర్పే ఆస్టియోపతి కాలేజీలో ఈ పరీక్షకు ఆమె రావడం ఇది రెండోసారి. మూడో అవకాశం లేదు. తప్పితే అయోవాలో నాన్న పందుల కొట్టమే గతి.

ఎదురుగా వీపు తిప్పి నిలబడినవాడు ఆర్విల్ కెంప్. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి. పదకొండేళ్లుగా పరీక్ష రోజున రోగిగా నిలబడేది ఆయనే. ఆయన కుడి కాలు కాస్త పొట్టి. సీనియర్లు జూనియర్లకు అందించే నోటుబుక్కులో ఆ సంగతి ఎప్పుడో ఎక్కింది.

"ఏమ్మా, తుంటి దొరికిందా, వెతకడానికి మనుషుల్ని పంపమంటావా?" అన్నాడు పరీక్షాధికారి డాక్టర్ స్ట్రిక్లర్, గడియారం చూస్తూ.

"దొరికింది సార్. ఉండాల్సిన చోట లేదు."

అందరూ రాసిందే రాస్తే గండం గడుస్తుంది. పెన్సిల్ కాగితం దాకా వెళ్లి ఆగింది. ఆయన్ని స్టూలు మీద కూర్చోమంది. కూర్చుంటే రెండు తుంట్లూ సమానం. అంటే తేడా నడుములో లేదు, కాళ్లలో ఉంది. బల్ల మీద పడుకోబెట్టి చీలమండల కింద బొటనవేళ్లు ఆనించి చూసింది. కుడి కాలు పొట్టిదే.

పడుకుంటే పొట్టి, నిలబడితే పొడుగు. నిలబడగానే కాలు పెరగదు కదా. పెరిగితే దాని కింద ఏదో ఉండాలి.

మేజోళ్లు తీయమని అడిగింది. చలిగా ఉందని ఆర్విల్ పైకప్పు చూశాడు. ఆమె వదల్లేదు. కుడి మేజోడు ఊడగానే మడమకు కట్టిన అర అంగుళం తోలు దొంతర బయటపడింది.

స్ట్రిక్లర్ మొహం ఎర్రబడింది. ఇది ఏ కుర్రవెధవ పనో తేలుస్తానంటూ తలుపు వైపు కదిలాడు.

ఆర్విల్ లేచి కూర్చున్నాడు.

"వాళ్లనేం అనకండి డాక్టరుగారూ. నేనే పెట్టా. చెప్పులు కుట్టేవాణ్ణి అడిగి ముక్కలు తెచ్చుకున్నా. నా మీద చెయ్యి పడకముందే వీళ్ల పెన్సిళ్లు కదులుతుంటాయి. ఏడాదిగా నా ఎడం భుజం పైకి లేవట్లేదు, ఒక్కడూ కనిపెట్టలా. బుక్కులో లేదుగా మరి. అసలు నన్నెవరైనా చూస్తున్నారా అని తెలుసుకోవాలనిపించింది. పొద్దుటి నుంచి ఒక్కొక్కడూ 'కుడి పల్లం' అని రాసి పోతుంటే నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఈ పిల్ల కూడా అదే రాసుంటే, ఇంటికెళ్లి ఆ తోలు పొయ్యిలో వేసేవాణ్ణి. మీకు చెప్పేవాణ్ణి కూడా కాదు."