కింది వరస లీలమ్మ

లీలమ్మది మగగొంతు. నీళ్ల ట్యాంకర్ కోసం ఫోన్ చేస్తే అవతలివాళ్లు "పంపిస్తం అన్నా" అనేవారు. సంతోష్‌నగర్ చర్చిలో ముప్పై ఏళ్లు ఆమె వెనక బెంచీలోనే నిలబడి పాడింది. ముందుకు రమ్మని ఎవరూ పిలవలేదు.

యాభై ఎనిమిదో ఏట ఆ గొంతుకు గిరాకీ వచ్చింది. బ్యాంకులో పనిచేసే సుజన ఆడవాళ్లతో ఒక పాటల బృందం కట్టింది. తబలా లేదు, హార్మోనియం లేదు. పన్నెండు మంది నాలుగు వరసలుగా నిలబడి ఒకే పాటను నాలుగు ఎత్తుల్లో కలిపి పాడాలి. దాన్ని బార్బర్‌షాప్ పద్ధతి అంటారు. వెనకటికి అమెరికాలో మంగలి షాపులో వంతు కోసం కూర్చున్న మగవాళ్లు అలా పాడుకునేవారట.

"అయితే మనది బ్యూటీ పార్లర్ పాట అనాలె" అంది ఆండాలు. ఆమె లీలమ్మ పక్కింటి టైలర్. అందరూ పడి పడి నవ్వారు.

అన్నిటికన్నా కింది వరస లీలమ్మది, ఆండాలుది. ఆండాలు ఆ లోతుకు దిగలేదు, బరువంతా లీలమ్మే మోయాలి. "నీ గొంతు మీదనే మేమందరం నిలబడుతం ఆంటీ" అంది సుజన. ఆ మాటను లీలమ్మ రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. మూడో రోజు ఆగలేక భర్త దుర్గయ్యకు చెప్పింది.

నగరంలో జరిగిన పాటల పోటీ మొదటి రౌండ్‌లో వాళ్లు సిటీ బస్సు మీద ఆండాలు కట్టిన పాట పాడారు. కండక్టరు, చిల్లర, కిటికీ దగ్గర సీటు, అన్నీ ఉన్నాయి అందులో. చక్కగా కుదిరింది. చివరి స్వరాన్ని నాలుగు వరసలూ కలిసి పట్టి, కలిసి వదిలాయి. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లీలమ్మ కళ్లు మూసుకుని, నిండు గొంతుతో "ఆ... మెన్" అంది.

బస్సు పాటకు ఆమెన్! చర్చిలో ప్రతి పాట చివరా అనే ముప్పై ఏళ్ల అలవాటు. పాట ఆగగానే నోరు దాని పని అది చేసేసింది. హాలు గొల్లుమంది. జడ్జి ఒకామె కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుంది. మార్కులు కోశారు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, అందరికన్నా చివరన ఫైనల్‌కు చేరారు.

ఆ తర్వాత లీలమ్మ రిహార్సల్‌కు పోలేదు. ఫైనల్ ఇంకో పది రోజులుందనగా సుజన, ఆండాలు ఇంటికే వచ్చారు.

"ఏంది ఆంటీ, ఫోన్ ఎత్తవ్?"

"నేను రాను బిడ్డా. మల్ల నోట్లకెళ్లి అదే వస్తది. మీ అందరి ఇజ్జత్ పోతది."

"వస్తే వచ్చింది. బూతు మాటనా ఏంది వదినా?" అంది ఆండాలు.

"నువ్ నవ్వకు. హాలంత నవ్వింది చాలు."

సుజన నవ్వలేదు. "నువ్ లేక రెండు రోజులు పాడినం ఆంటీ. కాళ్ల కింద నేల లేనట్టుంది. ఆండాలక్క గొంతు పోయింది."

"పోలే. సగమే పోయింది" అంది ఆండాలు.

లీలమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "పాట అయినంక నాకు ఊపిరి మిగులుతది బిడ్డా. గా మిగిలిన ఊపిరే ఆమెన్ అయితది."

సుజన కొంచెం ఆలోచించింది. "అయితే మిగలనీయొద్దు. ఆఖర్ల మేం పైన ఎక్కుతం, దిగుతం, తిరుగుతం. నువ్ మాత్రం ఒక్క స్వరం పట్టుకొని గుంజ లెక్క నిలబడాలె. నేను చెయ్యి దించేదాక."

"ఎంతసేపు?"

"పదహారు లెక్కలు."

"నేను చస్త!"

మూలన కుర్చీలో దుర్గయ్య ఉన్నాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైనవాడు, రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నన్ను తిట్టేటప్పుడు ఇరవై దాక పడతవ్. పో" అన్నాడు.

లీలమ్మ పోయింది. పొద్దున నల్లా దగ్గర బిందె నిండేలోపు ఒక్క స్వరం పట్టి లెక్క పెట్టుకునేది. మొదట తొమ్మిదికే దగ్గు వచ్చింది. తర్వాత పదకొండు. ఫైనల్ ముందు రోజు పద్నాలుగు.

ఫైనల్‌లో పాట చివరికి వచ్చింది. సుజన వేలు చూపింది. లీలమ్మ స్వరం పట్టింది. పై వరసలు ఆమె మీదుగా ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. పది. పదకొండు. పన్నెండో లెక్క దగ్గర అన్ని వరసలకూ పైన సన్నగా, గాజు గీసినట్టు ఇంకో గొంతు వినిపించింది. ఆండాలేమోనని చూసింది. ఆండాలు కూడా ఆమెనే చూస్తోంది. నాలుగు వరసలు సరిగ్గా అతికితే ఎవరూ పాడని ఐదో స్వరం వినబడుతుందని సుజన ఎప్పుడూ చెప్పేది. ఎవరూ నమ్మలేదు.

సుజన చెయ్యి దించింది. హాలు నిశ్శబ్దమైంది. లీలమ్మ నోరు తెరిచే ఉంది. అందులోంచి ఏమీ రాలేదు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి.

స్టేజీ పక్కన సుజన ఆమెను వాటేసుకుంది. "పదహారు పట్టినవ్ ఆంటీ!"

"ఇంక నాలుగు పడుతుంటి. నువ్వే జల్ది చెయ్యి దించినవ్."

సుజన విడిచిపెట్టి, ముఖంలోకి చూసింది. "అంటే ఊపిరి మిగిలిందా?"

"మిగిలింది."

"మరి ఆమెన్ ఎట్ల రాలే?"

లీలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "పైన ఎవరో పాడుతుండె గద బిడ్డా. నేను దాన్నే వింటున్న. గది నా చెవులల్ల ఇంక ఆగలే. పాట ఆగకుంట ఆమెన్ ఎట్లంట?"

"రిజల్ట్ చెప్తుండ్రు, ఇద్దరూ నోర్లు మూయుండ్రి" అంది ఆండాలు.