కొండమీది ఆవిడ పేరు

మధ్యాహ్నం అన్నం వేళకి ఊరి భవనం అరుగు మీద నిలబడి ముసలి ఒక్‌బున్ ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే, ఆ మనిషి ఎంత దూరాన ఉన్నా వినిపించేది. గొంతు పెంచే పని లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లతో అన్నట్టు, "జమ్రే, చారు చల్లారిపోతోంది" అంటే చాలు, రెండు గుట్టల అవతల ఆపిల్ తోటలో ఉన్న జమ్రే గునపం పడేసి బయల్దేరేది. పమ్‌గొల్ ఊళ్లో అందరూ అలాగే అన్నానికి వచ్చేవాళ్లు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. నిరుడు పై ఆఫీసువాళ్లు ముసలివాళ్లందరికీ తలా ఒక ఫోను పంచిపెట్టేవరకూ అదే వాడుక.

ఫోన్లతో పాటు ఒక అమ్మాయి వచ్చి రెండు పూటలు పాఠం చెప్పింది. ఇక్కడ నొక్కండి, ఇలా జరపండి అంది. అందరూ తలలూపారు. ఆమె వెళ్లగానే జమ్రే తన ఫోనుని బియ్యం డబ్బాలో దాచింది. "అర్ధరాత్రి కీచుమంటుందే, దయ్యంలాగా!" అంది. అదే నెలలో ఊళ్లో మైకు స్తంభాలు పీకేశారు. ఇక కబుర్లన్నీ ఫోనులోనే అన్నారు. భోజనం కబురు కూడా ఊరిపెద్ద గిచల్ ఫోనులోనే పంపడం మొదలుపెట్టాడు. అరవై దాటినా ఊళ్లో అతనే కుర్రవాడు. ఒక్‌బున్‌కి కష్టం తోచింది. "నాతో పనేముందిరా ఇక" అని నోరు కట్టేసుకుంది.

మార్చిలో వాన లేదు. ఆ రోజు పొద్దుట్నించీ గాలి ఊళ్ల మీద పడి ఈడ్చి కొట్టింది. మధ్యాహ్నం దాటేసరికి పడమటి ఆకాశం తుప్పు రంగుకి తిరిగింది. ఒక్‌బున్ భవనం పక్కనున్న వెల్లుల్లి మడిలో కలుపు తీస్తోంటే చేతి మీద బూడిద రాలింది. దులిపితే చురుక్కుమంది.

గిచల్ తన ట్రక్కుని భవనం ముందుకి తెచ్చి ఆపాడు. "అడివంటుకుంది పెద్దమ్మా! ఊరు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. అందరికీ పంపా. వస్తూంటారు."

"ఎవరొస్తార్రా? ఒకదాని ఫోను బియ్యంలో ఉంది, ఇంకోదానిది బీరువాలో!"

గిచల్ మళ్లీ ఫోను చూసుకున్నాడు. సిగ్నలు పోయింది. గుట్ట మీది టవరు పొగలో కలిసిపోయింది. ఒక్‌బున్ వైపు తిరిగాడు.

"పిలువు పెద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

కోపం చూపించే వేళ కాదని ఒక్‌బున్‌కి తెలుసు. అరుగెక్కి ఒక్కొక్క పేరే తీసింది. "జమ్రే, ఉన్నపళంగా వచ్చెయ్. తూసిక్, ఆవు కట్టు విప్పెయ్, నువ్వు రా." పిలుపు చేరినప్పుడల్లా గొంతులో చిన్న ముడి విడినట్టుండేది. జమ్రే తడి జుట్టుతో వచ్చింది. తూసిక్ చంకలో కోడితో వచ్చాడు. ట్రక్కు నిండుతోంది.

"కొండమీది ఆవిడేదీ?" అంది జమ్రే.

అందరూ పైకి చూశారు. పైన్ చెట్ల అంచున నీలం రేకుల ఇల్లు పొగలో ఒకసారి కనపడుతోంది, ఒకసారి మాయమవుతోంది. సొల్గొల్ అనే ఊరి నుంచి కాపురానికొచ్చింది కాబట్టి ఆవిడ సొల్గొల్ ఆమె. యాభై ఏళ్లుగా అంతే. పేరెవరూ అడగలేదు. మొగుడు పోయాక పేరు తెలిసిన మనిషీ లేడు. గిచల్ పైకి పరుగెత్తి, సగం దారిలోంచి కనుబొమ్మలు కాలి వెనక్కొచ్చాడు.

"దారికడ్డంగా చెట్టు మండుతోంది. గుర్తింపు కార్డులో సున్జా అని చూసినట్టు గుర్తు."

"సున్జా" అని పిలిచింది ఒక్‌బున్. ఆ మాట తడిబట్టలా ఆమె కాళ్ల దగ్గరే పడింది. కార్డుమీది పేరుకి ఆవిడ ఏనాడూ పలికి ఉండదు.

"ఆరుగురు ఆడపిల్లల తర్వాత పుట్టానని ఒకసారంది," అన్నాడు తూసిక్.

ఒక్‌బున్ చటుక్కున తలెత్తింది. అలా పుట్టిన పిల్లలకి పెట్టే పేర్లు ఆమెకి తెలుసు. తన పుట్టింట్లోనే అలాంటి పేరొకటుండేది.

"హునామ్!" అంది. తర్వాతైనా మగపిల్లాడు పుట్టాలని పెట్టే పేరది. "లే, బయటికి రా, నిప్పొచ్చింది." గొంతులో ముడి విడింది.

అందరూ కొండవైపే చూశారు. నీలం ఇంటి తలుపు కదల్లేదు.

"చేరిందా?" అన్నాడు గిచల్.

"చేరింది. ఆవిడకి కాదు, ఇంకెవరికో."

పైన్ చెట్టొకటి బాంబులా పేలింది. జమ్రే ఏడుపందుకుంది. గిచల్ స్టీరింగు దగ్గర కూర్చుని, "ఇంక ఆగితే అందరం పోతాం" అన్నాడు. ఆ మాటన్నందుకు తనే తల దించుకున్నాడు.

"సొప్సొప్!" అంది ఒక్‌బున్. నిరాశపడి పెట్టే పేరు. అదీ ఎవరికో చేరింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పొగకి గొంతు పూడుకుపోతోంది. ఇంకొక్క పిలుపుకే సరిపడా ఊపిరుంది. చనిపోయిన తన చెల్లెల్ని తల్లి ఎలా పిలిచేదో తలుచుకుంది. ఆడపిల్లలిక చాలు అని పెట్టిన పేరు. విసుగ్గా పెట్టి, ముద్దుగా పిలిచిన పేరు.

"తల్‌మాక్, బయటికి రావే తల్లీ."

నీలం ఇంటి తలుపు తెరుచుకుంది. ఆవిడ దారి కేసి చూడలేదు. వెనకవైపు రాతికాలవలోకి దిగి, కుక్కని ముందు తోసుకుంటూ నీళ్లలోంచి వచ్చింది. ట్రక్కు దగ్గరికి రాగానే కళ్లెర్రజేసింది.

"ఎవర్తే నన్నా పేరెట్టి పిలిచింది?"

"నేనే. ఎక్కు."

"నీకెవరు చెప్పారు?"

"ఎక్కి తిట్టు!"

ట్రక్కు నిప్పురవ్వల మధ్య నుంచి కిందికి దూకింది. దారిపొడుగునా తల్‌మాక్ ఒక్‌బున్ చెయ్యి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకునే ఉంది.

పట్నంలో బడి ఆటల హాల్లో చాపలు పరిచి, వేడి జావ పోస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఎవరో ముక్కూమొహం తెలియని ముసలావిడ, కాళ్లకి చెప్పుల్లేకుండా, చోటు కోసం వెతుక్కుంటూ వాళ్ల చాప దగ్గర నిలబడింది. గుట్ట అవతలి లోయలో ఒంటరిల్లట.

"ఫోన్లో కబురొచ్చిందా అవ్వా?" అనడిగాడు గిచల్.

"నాకు ఫోనెక్కడిది నాయనా! నిద్రపోతున్నా. హునామ్, లే అని ఎవరో పిలిచారు. మా అమ్మ పోయాక ఆ పేరు మళ్లీ వినలేదు. అమ్మే వచ్చిందనుకుని గుమ్మం దాటా. వెనక్కి తిరిగి చూద్దును కదా, చూరంటుకుంది." ఆవిడ అందరి మొహాల్లోకీ చూసింది. "అమ్మేనంటారా?"

గిచల్ నోరు తెరిచి ఒక్‌బున్ వైపు తిరిగాడు. ఒక్‌బున్‌కి మాట్లాడే గొంతు లేదు.

"అమ్మే," అంది తల్‌మాక్. దుప్పటి ఎత్తి పక్కకి జరిగింది. "ఇంకెవరు పిలుస్తారే మనల్ని? రా, కూర్చో."