మధ్యాహ్నం పడవ

మేజోళ్ళు ఈ పూట కూడా ఆరలేదు. ఆమె వాటిని మళ్ళీ ఒకసారి గట్టిగా పిండి, వసారాలో కట్టిన తాడు మీద దులిపి వేసింది. ఈ అడవిలో వాన వెలిసినా చెట్లు వెలవవు. ఆకుల మీంచి ఆకుల మీదికి చినుకులు దిగుతూనే ఉంటాయి. తాడు మీద ఒక ప్యాంటు, ఒక చొక్కా, ఒక తువ్వాలు, ఆ మేజోళ్ళ జత. అన్నీ తనవే. వచ్చిన కొత్తలో ఆ తాడును చూసి ఏదో మరిచిపోయానని కంగారుపడింది. బకెట్ అడుగున ఇంకెవరివో బట్టలు ఉండాలే అని చేత్తో తడిమి కూడా చూసింది. ఇప్పుడదే తాడును చూస్తుంటే కడుపు నిండినట్టుగా ఉంటోంది.

ఫోను మోగింది. ఇక్కడ లాడ్జి ఆఫీసు గది మెట్ల మీద నిలబడితేనే మాట సరిగ్గా వినబడుతుంది. తడి చేతులతోనే పరుగెత్తింది.

"నీ పని తేలిక చేశాను," అన్నాడు భర్త, మంచి హుషారుగా. "చెల్లాయి వాళ్ళు పిల్లల్ని తీసుకుని రేపు వస్తున్నారు. నువ్వు టికెట్టు మార్చుకోలేక అవస్థ పడతావని నేనే ముందుకు జరిపేశా. ఇవాళ మధ్యాహ్నం పడవెక్కితే సాయంత్రం విమానం అందుతుంది."

"రేపు పొద్దున్న మంచె ఎక్కాలండీ."

"మంచేంటి?"

"చెట్ల నెత్తిన కట్టారు. అక్కణ్ణుంచి అడవంతా పైనుంచి కనబడుతుందట. వచ్చిందే దానికోసం."

"కింద నుంచి చూసినా చెట్లేగా. అమ్మ నడుం సంగతి నీకు తెలుసు. అంతమందికి తను వండలేదు."

"సరే" అన్న మాట ఆమె ప్రమేయం లేకుండానే నోట్లోంచి వెళ్ళిపోయింది.

గదికి వచ్చి సంచీ తీసింది. బట్టలు మడత పెడుతూ, ఆ "సరే" అన్నదెవరా అని ఆలోచించింది. కోపం రాలేదు. పక్కింటావిడ గురించి ఆలోచిస్తున్నట్టు తన గురించి ఆలోచించడం ఈ అడవిలోనే అలవాటైంది. ఆఫీసులో తను పెద్దసారు గది బయట కూర్చుంటుంది. ఆయన కునుకు తీస్తుంటే మీటింగులో ఉన్నారని, కూతురి పెళ్ళిచూపులకు వెళితే తనిఖీకి వెళ్ళారని చెప్పడం ఆమె ఉద్యోగం. "ఈవిడ చెబితే నాకే నిజమనిపిస్తుంది" అని ఆయన ఒకసారి అందరి ముందు మెచ్చుకున్నాడు. ఇంట్లోనూ అంతే. పుట్టింటికి వెళ్ళాలనిపిస్తే అమ్మకు ఒంట్లో బాగా లేదనాలి. ఒక సాయంత్రం ఊరికే పడుకోవాలంటే తలనొప్పి తెచ్చుకోవాలి. తల నొప్పెట్టకపోయినా నుదుటికి మందు రాసుకునేది, వాసన సాక్ష్యం చెబుతుందని. ఈ ప్రయాణానికైనా, వాడుకోకపోతే సెలవులు మురిగిపోతాయని పెద్దసారు బలవంతం చేశారని చెప్పి బయటపడింది. "ఒక్కత్తీ అడవిలోనా?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంటే, భర్త నవ్వాడు. "వీధి చివర మందుల కొట్టుకే దారి తప్పుతుంది. నాలుగు రోజుల్లో ఏడుస్తూ వస్తుందిలే అమ్మా." అందరూ నవ్వారు. తనూ నవ్వింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో కుదరదు అన్నది, వీలు కాలేదు అన్నది, మరిచిపోయాను అన్నది. నాకిష్టం అని, నాకిష్టం లేదని ఎన్నడైనా అన్నదా? ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

గుమ్మంలో అలికిడైంది. అడవి చూపించే ఆవిడ. జలగలు పట్టకుండా కాళ్ళకు పొగాకు నీళ్ళు రాస్తుంది కాబట్టి లాడ్జిలో అందరూ జలగలక్క అంటారు.

"సంచీ సర్దేశావేంటక్కా? రేపు మంచె ఎవరెక్కుతారు, నేనా? ఎక్కీ ఎక్కీ నాకు విసుగు."

"ఇంటికి చుట్టాలొస్తున్నారట."

"నీ చుట్టాలా?"

"మా ఆడపడుచు."

"ఓహో," అంది జలగలక్క. వంగి ఆమె చీలమండ కేసి చూసింది. "ఇదుగో, నీకూ ఒక చుట్టం. నీ దగ్గర బాగా రుచి మరిగినట్టుంది."

"ఇంట్లో వాళ్ళు మిగిల్చింది కాస్త ఉందిలే, తాగనీ."

ఇద్దరూ నవ్వారు. జలగలక్క ఉప్పు చల్లి దాన్ని ఊడదీసి, వెళ్ళమని గానీ ఉండమని గానీ అనకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆమె సంచీ పట్టుకుని రేవులో కూర్చుంది. వాన లేదు. ఎర్రటి నీరు పండుటాకుల్ని మోసుకుంటూ నిదానంగా పోతోంది. అవతలి గట్టున ఏదో పిట్ట ఒకే కూత కూసి, జవాబు కోసం ఆగి, మళ్ళీ కూస్తోంది. పడవ వచ్చింది. అరటి గెలలతో ఒక ముసలాయన, పిల్లను చంకనేసుకుని ఒకావిడ ఎక్కారు.

"రా అమ్మా, నీదే ఆలస్యం," అని పడవవాడు చెయ్యి చాచాడు.

ఆమె ఆ చేతి కేసి చూసింది. భయం ఎక్కడైనా ఉందేమోనని లోపల వెతుక్కుంది. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. కాస్త ఆకలి వేస్తోంది, అంతే.

"మీరు వెళ్ళండి," అంది.

"మళ్ళీ రేపటిదాకా పడవ లేదు మరి."

"ఎల్లుండి వస్తాను."

పడవ వంపు తిరిగి కనుమరుగైంది. ఆమె వంటగది బల్ల దగ్గర కూర్చుని, ఎవరికీ వడ్డించకుండా, వేడివేడిగా తన కంచంలోది తిన్నది. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చి, ఆఫీసు గది మెట్ల మీదికి వెళ్ళి తనే ఫోను చేసింది.

"ఎక్కావా?"

"లేదండీ."

"అయ్యో, పడవ రాలేదా?" అన్నాడు భర్త. గొంతులో నిజంగానే జాలి ఉంది. "వానాకాలం కదా, ఏం చేస్తాం. నీ తప్పేం లేదులే. అమ్మకీ చెల్లాయికీ నేను సర్ది చెప్తాను. పడవ రాలేదంటే ఎవరు మాత్రం ఏమంటారు."

ఎంత చక్కని సాకు. తనే కుట్టుకున్నా ఇంత బాగా అతికేది కాదు. ఊ అంటే చాలు. అత్తగారు వానను తిట్టుకుంటారు, ఆడపడుచు పాపం వదిన అంటుంది, రేపు మంచె ఎక్కడమూ అవుతుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు.

"పడవ వచ్చిందండీ," అంది ఆమె. "నాకే రావాలనిపించలేదు."